డాక్టరు అడగని ప్రశ్న: "బండి నడుపుతారా?"

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు మీదున్న పర్లాకిమిడిలో మందుల షాపు నడపడమంటే రెండు రాష్ట్రాల చీటీలు చదవడం. ఒకే మనిషి చేతిసంచీలోంచి మూడు నాలుగు ఊళ్ళ కాగితాలు బయటికొస్తాయి. సుగరుకి బరంపురం, గుండెకి విశాఖపట్నం, కళ్ళకి శ్రీకాకుళం, ఒళ్ళు వెచ్చబడితే పక్కనే పాతపట్నం. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. చూపిద్దామన్నా పాత చీటీ ఇంట్లో క్యాలెండరు వెనకాల ఉండిపోతుంది. అన్ని మందులూ ఒక్కచోట కలిసేది నా బల్ల మీదే. ఆ బల్ల ముందు నిలబడ్డ డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి స్కూటరు మెట్ల కింద స్టాండు వేసి ఉంటుంది. మందులన్నీ డిక్కీలో వేసుకుని ఆయన దాని మీదే ఇంటికెళ్తాడు.

నా వాదన ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్ళు బండి నడపడాన్ని మన ఇళ్ళలో పరువు తగాదా చేసేశాం. కొడుకులది భయం, తండ్రులది పౌరుషం, మధ్యలో తల్లి మౌనం. నన్నడిగితే ఇది బీపీ లాగ, సుగరు లాగ డాక్టరు గదిలో తేలాల్సిన విషయం. మందు రాసే ప్రతివాళ్ళూ "బండి నడుపుతారా? రాత్రిళ్ళు కూడానా?" అని అడగాలి. మానెయ్యమని చెప్పేటప్పుడు, మానేశాక ఆ మనిషి ఆరోగ్యం ఏమవుతుందో కూడా ఆలోచించి చెప్పాలి. ఇన్నేళ్ళుగా చీటీలు చదువుతున్నాను, ఆ ప్రశ్న అడిగిన ఆనవాలు ఏ చీటీ మీదా నాకు కనబడలేదు.

కాశీనగరం రోడ్డు వైపు నుంచి ఒకాయన వస్తాడు. రైతు, మంచి మాటకారి. ఒకరోజు వచ్చి, "పదకొండయ్యేసరికి ఒళ్ళంతా సెమట్లు, కాళ్ళు ఒణుకు బాబూ, బండాపీసి సెట్టుకింద కూకుండిపోతన్నాను" అన్నాడు. వెంట వచ్చిన కొడుకు అప్పటికే తీర్పు చెప్పేశాడు, స్కూటరు అమ్మెయ్యాలని. నేను మందుల సంచీ బల్ల మీద బోర్లించమన్నాను. రెండు రకాల సుగరు మాత్రలు పడ్డాయి, ఒకటి తెల్ల అట్ట, ఒకటి ఆకుపచ్చ అట్ట. పేర్లు వేరు, కంపెనీలు వేరు. కింద చీమతలకాయంత అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా ఒకటే మందు, గ్లిమిపిరైడ్. సరిహద్దు ఏరు ఇవతలి డాక్టరు ఒకటి రాశాడు, అవతలి డాక్టరు ఇంకొకటి రాశాడు, ఈయన రెండూ శ్రద్ధగా వేసుకుంటున్నాడు. అక్కణ్ణించే ఫోను చేసి డాక్టరుతో మాట్లాడితే ఒకటి ఆపించారు. చెమటలు తగ్గాయి. స్కూటరు ఇంకా ఆయన దగ్గరే ఉంది.

సరిహద్దు ఊళ్ళలో ఇది రోజూ ఎదురయ్యే సంగతి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ సుగరుని అవసరానికి మించి కిందికి లాగగలవు. అలా పడిపోయినప్పుడు ముందు వణుకు, దడ, చెమట వస్తాయి. ఆ తర్వాత బుర్ర మందగిస్తుంది. ఎదురుగా లారీ వస్తోందని కళ్ళు చూస్తాయి గానీ చెయ్యి బ్రేకు మీదికి వెంటనే వెళ్ళదు. బీపీకి అటెనలాల్, ప్రొప్రనలాల్ లాంటివి వాడేవాళ్ళకి ఇంకో తిరకాసుంది. ఆ మందులు వణుకునీ దడనీ పైకి తెలియనివ్వవు. చెమట మాత్రం పడుతుంది. మన ఎండల్లో చెమట పట్టిందని ఎవడు కంగారు పడతాడు?

కార్తీక సోమవారాలు వచ్చాయంటే నాకు గుబులు. పొద్దున్నే ఉపవాసం, మాత్ర మాత్రం మానరు. రోజూ వేసుకోమన్నారు కదా అని ఖాళీ కడుపుతో మింగేసి, పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికో, ఇంకా ఓపికుంటే శ్రీముఖలింగానికో బండెక్కుతారు. వెనక భార్య, ఆవిడ ఒళ్ళో కొబ్బరికాయల బుట్ట. ఉపవాసం రోజు మోతాదు ఏం చెయ్యాలో డాక్టరుని ముందే అడగాలి. అడగకపోతే ఆ రోజు బండి తియ్యకూడదు. ఇంతకు మించి దీనికి మధ్యేమార్గం లేదు. మామూలు రోజుల్లో కూడా డిక్కీలో నాలుగు గ్లూకోజు పొట్లాలు పడి ఉండాలి.

సుగరు ఏళ్ళ తరబడి ఉంటే పాదాలు మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలియదనే వాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. అలాంటి పాదం కారులో బ్రేకు మీద ఉందో, యాక్సిలరేటరు మీద ఉందో ఎలా తెలుస్తుంది? గేర్లు లేని స్కూటరుకి బ్రేకులు చేతికే ఉంటాయి, అంతవరకూ నయం. అయితే ఆగేటప్పుడు వంద కేజీల పైచిలుకు బండిని ఆపుకోవాల్సింది ఆ కాలే. పెద్దవాళ్ళు వేగంగా పోతూ పడటం కన్నా, ఇంటి ముందు కంకరలోనో, పెట్రోలు బంకు వాలులోనో, ఆగీ ఆగకముందు పక్కకి ఒరిగి పడటమే నేనెక్కువ చూశాను. తుంటి ఎముక విరగడానికి ఆ మాత్రం చాలు. ఇక ఆ మొద్దుబారిన అరికాళ్ళ మంటలకి రాసే ప్రెగాబలిన్ తల తిప్పుతుంది, మత్తుగా ఉంచుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

చీటీ లేకుండా అడిగేవి వేరే. జలుబు మాత్ర, దగ్గు మందు. చాలావాటిలో మత్తు తెప్పించే క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. "నాకేం నిద్ర రాదు" అంటారు. నిద్ర రాకపోవచ్చు, చురుకు మాత్రం తగ్గుతుంది, తగ్గినట్టు తెలియకపోవడమే దాని గుణం. నిద్రపట్టక రాత్రి పదకొండుకి ఆల్ప్రజోలామ్ వేసుకున్న మనిషి పొద్దున్న అయిదున్నరకి పాలకేంద్రానికి బండి తీస్తాడు. అరవై దాటిన ఒంట్లోంచి ఆ మందు తొందరగా పోదు. ప్రోస్టేటుకి రాసే టామ్సులోసిన్ వల్ల కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. ఇవి వాడొద్దని నేననడం లేదు. కొత్త మాత్ర మొదలుపెట్టిన మొదటి వారం బండికి సెలవు ఇవ్వండి అంటున్నాను. డాక్టర్లు ఎక్కువమంది అనరు, కౌంటరు మీద అనాల్సిన మాలాంటి వాళ్ళం కూడా రద్దీలో అనం.

మందు చేసే మేలుతో పాటు ఇంద్రియాల నుంచి ఎంత తీసుకుంటుందో ఈ ఊరికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెప్పారు. సవర పల్లెలకి తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. ఈ రోజుల్లో దారి ఉండి కూడా అడగకపోవడమే నాకు కోపం తెప్పించేది.

కళ్ళ సంగతికొస్తే, అరవై ఏళ్ళ కంటి లోపలి తెరకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదాంట్లో మూడో వంతు. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. దాని మీద శుక్లం మొదలైతే ఎదురుబండి లైటు చుట్టూ పువ్వులు పూస్తాయి. మన రోడ్ల మీద ఎవడూ లైటు దించడు. అలా కళ్ళు చెదిరాక మళ్ళీ రోడ్డు కనబడటానికి కుర్రాడికి పట్టే దానికన్నా పెద్దాయనకి బాగా ఎక్కువసేపు పడుతుంది. ఆ కాసేపట్లో బండి ముందుకి పోతూనే ఉంటుంది, రంగు వెయ్యని స్పీడుబ్రేకరు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, గేదె ఎటు నడుస్తుందో గేదెకే తెలియాలి. నీటికాసుల జబ్బయితే మరీ దొంగదెబ్బ. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుచూపు చివరిదాకా బాగానే ఉంటుంది. సందులోంచి వచ్చే సైకిలు కనబడనే కనబడదు, "వాడు ఊడిపడ్డాడు" అంటాడు పెద్దాయన. అబద్ధమేం కాదు, ఆయనకి అలాగే కనబడింది.

శుక్లం ఆపరేషను ఈ విషయంలో చేసే మేలు నేను ఊహించిన దానికన్నా ఎక్కువ. అమెరికాలో అలబామా పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషను చేయించుకున్న పెద్దవాళ్ళు చేయించుకోని వాళ్ళతో పోలిస్తే సుమారు సగం ప్రమాదాలకే గురయ్యారు. మన దగ్గరేమో "ఇంకా ముదరలేదు, సంక్రాంతి పోయాక చూద్దాం" అని ఏళ్ళు నెట్టేస్తారు. ఒక కన్ను చేయించి రెండో కన్ను వదిలేసే వాళ్ళు ఇంకా ఎక్కువ. రెండు కళ్ళ చూపు రెండు రకాలుగా ఉంటే దూరం అంచనా దొరకదు. కొడుకులు తాళం దాచే ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, దానికి అయ్యే ఖర్చు స్కూటరు పాత ఇనుముకి అమ్మితే వచ్చే దానికన్నా ఎక్కువే అయినా సరే.

ప్రభుత్వం ఇదంతా చూడదా అంటే, కాగితం మీద చూస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 55 దాటిన వాళ్ళ సొంతబండి లైసెన్సు ఒక్కోసారి అయిదేళ్ళకే కొత్తదవుతుంది. 40 దాటితే ఫారం 1ఏ అనే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. దాంట్లో అడిగేవి సబబైనవే: పట్టపగటి వెలుగులో 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, మామూలు హారను వినబడుతుందా, రేచీకటి ఉందా. ఏ మందులు వాడుతున్నారో అందులో లేదు. జ్ఞాపకం ఎలా ఉందో లేదు. మెడ ఎంతవరకు తిరుగుతుందో లేదు. స్పాండిలోసిస్ ఉన్నవాడు వెనక్కి తిరిగి చూడకుండానే కుడివైపుకి తిప్పేస్తాడు, అద్దం చూద్దామంటే అది ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. ఉన్న ప్రశ్నలైనా అడుగుతారా అంటే, ఒకచోట తల ఎత్తకుండా వరసగా సంతకాలు పెట్టడం నా కళ్ళతో చూశాను. ఎక్కడో, ఎవరో అనవసరం, ఎవరికి వాళ్ళకి తమ ఊళ్ళో ఒకరు గుర్తొస్తారు.

ఇంతవరకు చదివినవాళ్ళు "అయితే తాళం తీసేసుకోవడమే మంచిది కదా" అనవచ్చు. నేను కాదనేది అక్కడే.

మా పెదనాన్నగారి స్కూటరుని ఆయన కొడుకులు బెంగుళూరు నుంచి ఫోనులోనే అమ్మేశారు. చిన్న గీత పడిందంతే, గోడకి రాసుకుంది. వాళ్ళ భయం నాకర్థమైంది, వాళ్ళు దూరంగా ఉన్నారు, రాత్రి ఫోను మోగితే ఉలిక్కిపడే బతుకులు. కానీ ఆయన పొద్దున్నే బజారు టీకొట్టు దగ్గరికి వెళ్ళేవాడు, అక్కడ ఒరియా పేపరు చదివి తెలుగులో తిట్టేవాడు. నెలకోసారి పింఛను బ్యాంకు. పాతపట్నంలో చెల్లెలి ఇల్లు. అవన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. నడుస్తాడనుకున్నారు, నడవలేదు. అసలే మోకాళ్ళు. సుగరు పెరిగింది, మాట తగ్గింది, మధ్యాహ్నం నిద్ర సాయంత్రం దాకా సాగింది. పెద్దమ్మ ఒకటే మాటంది: "ఆయనొక్కడి బండి కాదురా అమ్మింది, నాది కూడా." వెనకసీటు మీద కూర్చుని ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. అమ్మేముందు ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు.

ఒక్క ఇంటి కథతో లోకం మీద తీర్పు చెప్పకూడదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు వచ్చిన 16 అధ్యయనాలని కలిపి చూశారు. డ్రైవింగు మానేసిన పెద్దవాళ్ళలో కుంగుబాటు లక్షణాల ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. ఒంటి సత్తువ, బుర్ర చురుకు కూడా తొందరగా తగ్గాయి. జబ్బుపడ్డవాళ్ళే కదా ముందు మానేసేది, కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాటిలో చాలా అధ్యయనాలు ముందున్న ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకునే చూశాయి, అయినా తేడా మిగిలింది. ఇంకో అభ్యంతరం, అది అమెరికా, కారు లేకపోతే పాలప్యాకెట్టుకి కూడా దిక్కుండదు, మనకి వీధి చివర ఆటో ఉంది కదా. ఉంది. ఎక్కేదెవరు?

ఇక్కడ నాకు ఆడవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. ఆ తరంలో వాళ్ళకి తాళం ఎవరూ ఇవ్వలేదు. అందుకే బండి లేకుండా తిరగడం వాళ్ళకి చేతనైంది. ఏ ఆటో గుడి దగ్గర ఆగుతుందో, ఎవడు నిదానంగా తోలతాడో, ఎవడు చిల్లర లేదని నొక్కేస్తాడో అంతా తెలుసు. డ్రైవరు కుర్రాణ్ణి ఒరియాలోనో తెలుగులోనో "బాబూ, కాస్త ఎక్కించు" అనడానికి వాళ్ళకి నామోషీ లేదు. నలభై ఏళ్ళు హ్యాండిలు పట్టిన మగాడికి షేరాటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడమంటే తల కొట్టేసినట్టు. బండి ఆపేసిన రోజు ఆయన ఇంట్లో కూలబడటానికి సగం కారణం ఈ నామోషీయే. కాబట్టి ఇంకా బండి బాగా నడుపుతున్న రోజుల్లోనే వారానికి ఒకట్రెండు పనులు ఆటోలో చేసుకురావడం అలవాటు కావాలి. అరవై అయిదుకి మొదలుపెడితే డెబ్భై అయిదుకి చేతనవుతుంది.

తగ్గించడం కూడా అలాగే, ఒక్కరోజులో తెగ్గొట్టేది కాదు. ముందు రాత్రి ప్రయాణం పోవాలి. తర్వాత వాన. తర్వాత లారీలు తిరిగే పెద్దరోడ్డు, ఊళ్ళో బజారు దాకా మాత్రం ఉంచొచ్చు. వెనక మనవణ్ణి ఎక్కించుకోవడం అన్నిటికన్నా ముందే ఆపాలి. హెల్మెట్ "ఊళ్ళోకే కదా" అని వదిలేస్తారు. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందులు వేసుకునే మనిషికి చిన్న దెబ్బ కూడా చిన్నదని చెప్పలేం. తలకి తగిలినప్పుడు బాగానే ఉండి, రోజులు, ఒక్కోసారి వారాలు గడిచాక తలనొప్పి, తికమక, కాలీడ్చడం మొదలవుతాయి. లోపల రక్తం చేరి ఉంటుంది. అలాంటప్పుడు ఆస్పత్రిలో, ఫలానా రోజు బండి మీంచి పడ్డాడని కచ్చితంగా చెప్పాలి. పడ్డ సంగతి ఇంట్లోనే దాచేసే పెద్దాయన అయితే మరీ కష్టం, తాళం పోతుందనే భయంతోనే దాస్తాడు. తాళం గుంజుకునే ఇళ్ళలో ఈ దాపరికం ఎక్కువ అని నా అనుమానం.

జపాన్ వాళ్ళు ఈ దారిలో మనకన్నా చాలా ముందున్నారు. 75 దాటితే లైసెన్సు కొత్తది చేసేటప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. 2019లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళాయన నడిపిన కారు తల్లీబిడ్డల ప్రాణం తీశాక గొడవ పెద్దదైంది, 2022 నుంచి 75 దాటి కొన్ని రకాల ఉల్లంఘనలున్న వాళ్ళకి నడిపి చూపించే పరీక్ష కూడా తప్పనిసరి చేశారు. స్వచ్ఛందంగా లైసెన్సు తిరిగిచ్చేవాళ్ళకి చాలాచోట్ల బస్సు, టాక్సీ రాయితీలిస్తారు. నాకు ఆ ముక్క నచ్చింది, తీసుకున్న చేతితోనే ఏదో ఇవ్వడం. మన దగ్గర రైల్లో పెద్దవాళ్ళకిచ్చే రాయితీ 2020లో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు దశలూ లేవు, బుజ్జగింపులూ లేవు. జ్ఞాపకం సడలడం. అది మొదట బయటపడేది చాలాసార్లు బండి మీదే. అమెరికాలో 65 నుంచి 79 ఏళ్ళ వాళ్ళు దాదాపు మూడువేలమంది కార్లలో చిన్న పరికరాలు పెట్టి వాళ్ళు బండి నడిపే తీరుని ఏళ్ళ తరబడి గమనించారు. ఆ సమాచారానికి వయసూ చదువూ లాంటి వివరాలు కలిపి లెక్క కడితే, మతిమరుపు జబ్బు ఎవరిలో మొదలైందో 88 శాతం సరిగ్గా పట్టుకోగలిగామని 2021లో ప్రకటించారు. మనకి పరికరాలక్కర్లేదు, కళ్ళుంటే చాలు. రోజూ తిరిగే సెంటరు దగ్గర ఎటు తిరగాలో తోచక ఆగిపోవడం, ఇండికేటరు వేసి ఊరంతా తిరగడం, ముందు మడ్‌గార్డు మీద కొత్త గీతలు, అవెక్కడివో ఆయనకే తెలియకపోవడం. ఇవి రెండు మూడు కలిశాయంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆయన చూసేదాకా బండి కదలకూడదు, పెద్దాయన ఎంత అలిగినా సరే.

ఆ మాట కొడుకు నోట రాకూడదు. వస్తే అది తండ్రీకొడుకుల పంచాయితీ అయిపోతుంది. "నువ్వేటి నాకు సెప్పేది, నీకు సైకిలు నేర్పింది నేను" అంటాడు పెద్దాయన, మాట అక్కడితో ఆగదు. డాక్టరు రాస్తే మాత్రం వింటారు, చాలామంది విన్నారు, ఆ తరానికి కాగితం మీద భయభక్తులు ఎక్కువ. అందుకని ఏరుకి రెండువైపులా ఉన్న డాక్టర్లకి నా మనవి. మోతాదు రాసే చోటే, కింద ఖాళీగా ఉన్న జాగాలో, రాత్రిళ్ళు బండి నడపరాదు అనో, ఈ మందు మొదలుపెట్టిన వారం నడపరాదు అనో, అసలు నడపరాదు అనో, తెలుగులోనో ఒడియాలోనో, పెద్దాయన తానే చదువుకోగలిగే అక్షరాల్లో రాసి సంతకం పెట్టండి. అది చదివి వినిపించి, మందులు కట్టివ్వడం మేం చూసుకుంటాం.